రంగి తూకం

1994 నవంబర్ పదకొండు, శుక్రవారం. మిర్యాలగూడలో రైస్‌మిల్లు వెనక కిరాయి ఇంట్లో ఆ పూట జొన్నరొట్టె, గంగవాయిలికూర పప్పు, పచ్చి ఉల్లిగడ్డ. బాగా పొంగిన రొట్టె ఎప్పటిలాగే దస్రు కంచంలోకి వచ్చింది. అంచు మాడినది పుష్పాబాయి తనకు ఉంచుకుంది. పప్పులో ఆ పూట కాస్త ఉప్పు ఎక్కువైన సంగతి కూడా దస్రుకు గుర్తుంది. ఏం మాట్లాడుకున్నారో మాత్రం ఎంత తలచుకున్నా అందదు. తెల్లారి ఆమె తలనొప్పి అని లేవలేదు. మెదడువాపు జ్వరమన్నారు. వారం తిరక్కముందే పుష్ప లేదు.

దస్రు జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. పెద్దవూర దగ్గరి తండా నుంచి కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. పుష్పది పెన్‌పహాడ్ పక్క తండా. పట్నంలో చీరే కట్టేది. పెళ్లినాటి వెండి అంతా ఇనప్పెట్టెలో ఉండేది. తీజ్ పండుగకు తండాకు పోయినప్పుడు మాత్రం బయటికి తీసి, కాళ్లకు కడియాలు తొడిగి, మెడలో రూపాయల హారం వేసుకుని నడిచేది. ఆ నాలుగు రోజులూ ఆమె ఏ గుడిసెలో ఉందో దస్రు వెతకాల్సిన పని ఉండేది కాదు. చప్పుడే చెప్పేది.

ఆ వెండి పుష్ప తల్లి రంగి చేయించినది. ఒక్కో వానకాలం పంటకు ఒక్కో నగ చొప్పున, బిడ్డ పెరుగుతుండగా మిర్యాలగూడ కంసాలి చేత చేయించింది. అందుకే కర్మకాండలు ముగిశాక దస్రు దాన్నంతా ఒక పాతచీరలో మూటగట్టి తీసుకుపోయి ఆమె ముందు పెట్టాడు.

"నువ్వు పెట్టినవే యాడీ. నీ దగ్గర్నే ఉండనీ," అన్నాడు. తండాలో అమ్మను పిలిచినట్టే అత్తనూ యాడీ అని పిలిచేవాడు.

రంగి పాతకాలం మనిషి. అల్లుడి ముందు తలమీది టుక్రిని ముఖం మీదికి లాక్కునే మాట్లాడేది. ఆ రోజూ అలాగే లాక్కుంది. మూటను రెండు చేతులా ఎత్తి, చంటిపిల్లను ఎత్తుకున్నవాళ్లు బరువు చూసినట్టు ఒకసారి చూసి, లోపలికి తీసుకుపోయింది. ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్య పుష్ప పేరు రాలేదు. రాకూడదని ఎవరూ అనుకోలేదు. ఆమె ఎత్తుతుందేమోనని అతను, అతను ఎత్తుతాడేమోనని ఆమె, అలా ఉండిపోయారు.

దస్రుకు కోదాడ బదిలీ అయింది. ప్రతి నెలా రెండో శనివారం సెలవు. ఆ రోజు పొద్దున్నే కోదాడలో బస్సెక్కి, మునగాల మీదుగా సూర్యాపేట చేరి, అక్కణ్నుంచి పెన్‌పహాడ్ బస్సు పట్టుకుని తండాకు పోయేవాడు. రంగిని వెంటబెట్టుకుని మళ్లీ సూర్యాపేట, డాక్టర్ జవహర్ దవాఖానకు. ఈ పని పుష్పది. రంగికి అంతకుముందు టీబీ వచ్చి తగ్గింది. ఆ మందులన్నీ దగ్గరుండి మింగించింది పుష్పే. నయమయ్యాక డాక్టరు ఒక మాట చెప్పాడు: ఆ రోగం మళ్లీ తలెత్తితే దగ్గుకంటె ముందు బరువే చెప్తుంది, నెలనెలా వచ్చి కాటా ఎక్కిపోవాలని. పుష్ప వదిలిపోయిన పనుల్లో దస్రు చేతికి దొరికింది ఇదొక్కటే. సెలవు దినాన ఇన్ని బస్సులు ఎందుకు మారుతున్నావని స్టాఫ్‌రూమ్‌లో అడిగితే అత్తమ్మకు బాగుండదు అనేవాడు. తనకే బాగుండదని చెప్పేవాడు కాదు.

ఒకసారి డాక్టరు హైదరాబాద్ పోయి వచ్చి గోడకు కొత్త చార్టు తగిలించాడు. బాడీ మాస్ ఇండెక్స్. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. వచ్చే అంకె పద్దెనిమిదిన్నరకు కింద ఉంటే పసుపుపచ్చ పట్టీ: మనిషి బక్కపడ్డట్టు, రోగానికి లోకువైనట్టు. అక్కణ్నుంచి ఇరవై అయిదు దాకా ఆకుపచ్చ. ఆపైన ఎరుపు, గుండెకూ షుగరుకూ దారి. వట్టి బరువు చూస్తే పొడుగువాళ్లకూ పొట్టివాళ్లకూ ఒకే న్యాయం జరగదనీ, ఇందులో ఎవరి ఎత్తుకు తగ్గ లెక్క వాళ్లదనీ డాక్టరు విడమరిచి చెప్పాడు. దస్రుకు ఆ చార్టు చాలా నచ్చింది. లోకంలో ఒక్క విషయమైనా భాగహారంతో తేలుతున్నందుకు మనసు తేలికపడింది.

డాక్టర్ జవహర్ మాత్రం భారీ మనిషి. చార్టు పెట్టి ఎన్ని నెలలైనా ఆ కాటా ఎక్కిన పాపాన పోలేదు. ఎర్రపట్టీ దగ్గర ఒక మేకు ఉంటే దానికి క్యాలెండర్ తగిలించాడు. సిస్టర్ శాంతకుమారి దాన్ని చూసి, మీ ఫొటో పెట్టే చోట క్యాలెండర్ పెట్టుకున్నరా సార్ అనేది. ఆయన వినపడనట్టు స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకునేవాడు.

డాక్టరుది సూర్యాపేటే, తండాల సంగతి తెలిసినవాడు. పెనిమిటి ఉన్న ఆడవాళ్లు మోచేతిపై గాజులు, చెంపల దగ్గర వేలాడే వెండి కాటా కోసం తీయరు. తీయమని అడగడం కూడా తప్పే. అందుకని వాళ్ల బరువులో నగలకింద కొంత తీసేసి లెక్క కట్టేవాడు. రంగి వచ్చినప్పుడు ఆ తీసివేత ఉండేది కాదు. ఆమె పెనిమిటి పోయి చాలా కాలమైంది. చేతులు బోసి, చెంపలు బోసి. పేట్యా లంగా, కాంచళి రవిక, తలమీద టుక్రి, అంతే. ఆ బట్టలకు మాత్రం ఇంత అని తగ్గించి, మిగిలింది భాగించేవాడు. నలభై రెండు కిలోలు. పంతొమ్మిది చిల్లర. ఆకుపచ్చ.

డాక్టరు కాగితం తీసేలోపే దస్రు మనసులో భాగించేసేవాడు. ఆకుపచ్చలో ఉందని తేలగానే భుజాలు కిందికి దిగేవి. బస్టాండ్ పక్క హోటల్లో ఇద్దరూ ఇడ్లీ తినేవాళ్లు. రంగి గోడవైపు తిరిగి, టుక్రి చాటున తినేది. ఎంత తిన్నదో కనిపించేది కాదు. హోటలతను అడగకుండానే ఆమె గిన్నెలో ఇంకో గరిటె సాంబారు పోసేవాడు. అలాంటి చిన్న దయలు దస్రు కంట్లో పడేవి. ఈ మధ్య అవే పడుతున్నాయి.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్న ఆ కాసేపు అతనికి ఒక్కటే అడగాలని ఉండేది: పుష్ప చిన్నప్పుడెట్ల ఉండేది? అతనికి తెలిసింది పెళ్లి తర్వాతి పుష్ప. అంతకుముందు పుష్ప అంతా ఈ టుక్రి వెనకే ఉంది. ఈ మనిషి పోతే ఆ పుష్ప కూడా పోతుంది. అందుకే నెల నెలా కాటా ముల్లును అంతగా చూసేవాడు.

పక్క గుడిసె జమున, వరసకు పుష్పకు వదిన, నోరున్న మనిషి. తండా అల్లుడని దస్రును జమాయీ అనేది. అతను బస్సు దిగడం చూస్తే చాలు, అందుకునేది.

"ఏం జమాయీ, మా రంగిని సూర్యాపేట తీస్కపోయి కాటా మీద పెడుతున్నవట. మిర్చి ధర పలికిందా, వడ్ల ధరా?"

దస్రు నవ్వి ఊరుకునేవాడు. అయితే తొంభై ఏడు ఎండాకాలం నుంచి జమున వేరేలా మాట్లాడడం మొదలుపెట్టింది. రంగి పొయ్యి రోజూ ముట్టించడం లేదని, ముట్టించినా వండింది కుక్కలకే పోతోందని చెప్పింది. దస్రు డాక్టరు మాట చెప్పాడు. నంబరు తగ్గలేదు, మంచిగనే ఉంది అన్నాడు.

"నంబరు మంచిగుంటే నంబరుకే బువ్వ పెట్టు," అంది జమున. "నేను మనిషిని సూసి చెప్తున్న."

ఆ మాట అతన్ని కోదాడ దాకా వెంబడించింది. బస్సు మెట్టు ఎక్కేటప్పుడు రంగి ఆయాసపడడం తనూ చూశాడు. నడిచేటప్పుడు ఇదివరకటికంటే బరువుగా అడుగు వేస్తోంది. బక్కపడ్డ మనిషి తేలిగ్గా కదా నడవాలి? నంబరు ఒకటి చెప్తోంది, కళ్లు ఒకటి చెప్తున్నాయి. లెక్కల మనిషి గనక నంబరు పక్షమే ఉన్నాడు. ఉండాలని ఉండింది కూడా.

ఆగస్టు రెండో శనివారం పొద్దున్నుంచీ ముసురు. రంగితో తండా నుంచి వస్తున్న బస్సు సూర్యాపేటకు ఇవతలి వాగు దగ్గర ఆగిపోయింది. నీళ్లు రోడ్డు మీద పారుతున్నాయి. తాడు పట్టుకుని దాటినవాళ్లు అవతల ఇంకో బస్సెక్కాలి. కండక్టరు రంగి చెయ్యి పట్టి దాటించి, మళ్లీ వెనక్కి వచ్చి తన గొడుగు ఆమెకిచ్చి పోయాడు. గొడుగు వల్ల తలైతే తడవలేదు గానీ దవాఖాన చేరేసరికి రంగి పేట్యా నానిపోయి, దానికి కుట్టిన అద్దాల మీంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె వణుకుతోంది.

శాంతకుమారి ఆమెను తెరవెనక్కి తీసుకుపోయింది. బీరువాలో ఉంచుకున్న తన చీర, జాకెట్టు ఇచ్చింది. కాసేపు తెరవెనక చిన్న పెనుగులాటలాంటిది వినిపించింది. అది విప్పకుంటే చలిజ్వరమొస్తదమ్మా అని సిస్టరు బతిమాలుతోంది. తర్వాత ఒక చప్పుడు.

దస్రు బెంచీ మీద నిటారుగా అయ్యాడు. ఆ చప్పుడు అతనికి తెలుసు.

తెర తొలిగింది. రంగి నీలం అంచు చీరలో బయటికి వచ్చింది. తలమీద టుక్రి లేదు. కొంగు లాక్కుందామంటే చేతులు ఖాళీ లేవు. పాతచీర మూట ఒకటి రెండు చేతులా పొట్టకు అదుముకుని ఉంది. పాతికేళ్ల కూతురు పోయిన తల్లి ముఖాన్ని దస్రు ఆ రోజు మొదటిసారి పూర్తిగా చూశాడు. బుగ్గలు లోపలికి పోయాయి. కంఠం దగ్గర ఎముకలు చిన్న గిన్నె పట్టేంత లోతుగా తేలాయి. ఆ కళ్లు, ఆ కనుబొమలు పుష్పవి. అతను తల దించుకోవాలి, పద్ధతి అది. దించుకోలేకపోయాడు.

కాటా ఎక్కమంది సిస్టరు. రంగి మూటతోనే ఎక్కింది. ముల్లు ఎప్పుడూ లెక్కలో తేలే నలభై రెండు దగ్గరే కాసేపు ఊగి ఆగింది.

మూట కింద పెట్టమ్మా అంది శాంతకుమారి. రంగి వినలేదు. దాంట్లో ఏముందని డాక్టరు అడిగాడు. ఆమె మూటను ఇంకా దగ్గరికి అదుముకుంది. ఆయన లేచి రాబోతుంటే దస్రు ముందుకు వెళ్లి చేతులు చాచాడు.

"నాకియ్యి యాడీ. నేను పట్టుకుంట."

రంగి అతని ముఖంలోకి చూసింది.

"కింద పెట్టవు గద?"

"పెట్టను."

ఆమె ఇచ్చింది. పడుకున్న పిల్లను చేతులు మార్చుకున్నంత నిదానంగా ఇచ్చింది. మూట లోపల కడియాలు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగాయి. ముల్లు వెనక్కి పోయింది. ముప్పై ఎనిమిది.

కాటా చెడిందన్నాడు డాక్టరు. చెడలేదని, పొద్దున్నే చూశానని సిస్టరు అంది. అయితే చూద్దామని ఆయన చెప్పులు విడిచి, రంగి దిగాక తనే ఎక్కాడు. ముల్లు గిర్రున తిరిగి కుడివైపుకు పోయింది. శాంతకుమారి క్యాలెండర్ వైపు చూస్తూ నిలబడింది.

"కాటా మంచిగనే ఉన్నది," అన్నాడు డాక్టరు దిగుతూ. తర్వాత నవ్వు లేకుండా కుర్చీలో కూర్చున్నాడు.

దస్రు చేతుల్లో మూట ఉంది, మనసులో భాగహారం జరిగిపోయింది. పదిహేడు చిల్లర. పసుపుపచ్చ. ఇవాళ పడింది కాదు, ఎప్పుడు పడిందో తెలియదు.

రంగి బెంచీ చివర కూర్చుంది. ఎవరూ అడగలేదు. తనే తండా మాటలో, మూటవైపు చూస్తూ చెప్పింది. పుష్ప చిన్నప్పుడు గుడిసెలో ఒక్కతే ఉండేది కాదు. తల్లి కూలికి బయలుదేరితే గుంజ పట్టుకుని ఏడ్చేది. అందుకని చంకన వేసుకునే నాట్లకూ కలుపుకూ పోయేది. మూట ఇంటికి వచ్చిన మర్నాడు పొలానికి బయలుదేరితే కాళ్లు గడప దాటలేదట. మొదట కడియాలు మాత్రమే బట్టలో చుట్టి పేట్యా లోపల నడుముకు కట్టుకుంది. తీజ్ వచ్చినప్పుడు మనసొప్పక హారం కూడా కట్టుకుంది. ఆ తర్వాత మొలపట్టీ. ఈ ఎండాకాలం గాజులు.

"ముండమోసినదానికి నగలేందని నవ్వుతరు. అందుకే లోపల కట్టుకున్న," అంది. "నేను తూకానికని కట్టుకోలే బిడ్డా. ఒక్కతే ఎట్లుంటదని."

దస్రుకు ఆ నెలలన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. ఆమె ఒంట్లోంచి ఎంత పోయిందో అంత వెండి వచ్చి నడుముకు చేరింది. ముల్లు కదలలేదు. వాళ్లందరూ కలిసి, డాక్టరూ తనూ ఆ చార్టూ, ఇంతకాలం పుష్పను కూడా కలిపి తూచారు. అతనికి ఏడుపు రావాల్సింది. కానీ చేతుల్లో ఆ బరువు ఉంటే ఎందుకో హాయిగా అనిపించింది. ఎంతోకాలం తర్వాత పుష్ప గురించి తనకు తెలియని సంగతి ఒకటి విన్నాడు.

ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పైకొసన మచ్చ కనిపించింది. కళ్లె పరీక్షలో రోగం మళ్లీ వచ్చిందని తేలింది. ఇంకా ముదరలేదని, ఇంకో వానకాలం ఇట్లాగే పోయి ఉంటే చెప్పలేకపోయేవాడినని డాక్టరు అన్నాడు. చార్టు తప్పేం లేదు సార్, మనం తూచిందే వేరు, అని తనకు తాను చెప్పుకున్నట్టు అన్నాడు. మందులు మళ్లీ మొదలు. ఈసారి రెండు నెలలు రోజూ ఇంజెక్షన్. తండాలో వేసేవాళ్లు లేరు. కోదాడలో దస్రు ఉండే వీధి చివరనే వేస్తారు.

రంగి రానంది. అల్లుడింట్లో ఉండి తినడం ఆమె ఎరగదు. బిడ్డ ఉన్నప్పుడే పూట కంటె ఎక్కువ ఉండలేదు, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని ఉండాలంది. డాక్టరు భయపెట్టాడు. సిస్టరు బతిమాలింది. ఆమె చేతులు చాచి మూట తనకిమ్మంది.

దస్రు ఇవ్వలేదు.

"ఇది మనింట్ల పెడుదాం యాడీ," అన్నాడు. "నువ్వు మోసింది చాలు. కానీ నేను పొద్దున కాలేజీకి పోతే సాయంత్రం దాకా ఇంట్ల ఎవరుండరు. పుష్ప ఒక్కతే ఎట్లుంటది?"

రంగి మూటవైపు చూసింది. తర్వాత లేచి, తెరవెనక ఆరేసిన పేట్యాను పిండి, మడిచి, చంకన పెట్టుకుంది. బస్సెప్పుడని అడిగింది.

కోదాడలో దస్రుది ఒక గది, ముందు వసారా. గది రంగికిచ్చి తను వసారాలో మంచం వేసుకున్నాడు. కిటికీలు తెరిచే ఉంచాలని డాక్టరు చెప్పాడు. మూటను గోడగూట్లో పెట్టారు. మొదటి వారం రంగి కళ్లు దాని మీదే ఉండేవి. ఇంజెక్షన్‌కు పోయి వచ్చేంతసేపూ ఇంటి యజమానురాలు సారమ్మ వచ్చి గదిలో కూర్చునేది. రిటైరైన టీచరు ఆవిడ. కారణం దస్రు చెప్పాడు. "దానికేముందండీ, బైబిలు ఎక్కడ చదువుకున్నా ఒకటేగా," అని కుర్చీ తెచ్చుకుంది. ఇంకేమీ అడగలేదు. ఆ అడక్కపోవడం దస్రు మరిచిపోలేదు.

రంగి మెల్లగా తినడం మొదలుపెట్టింది. మొదట మందు కోసం, తర్వాత కొంచెం ఆకలికి. టుక్రి ముఖం మీదికి లాక్కోవడం మానలేదు గానీ ఇప్పుడది కనుబొమల దగ్గర ఆగుతోంది. రెండో శనివారాలు సూర్యాపేట పోతూనే ఉన్నారు. మూట దస్రు చేతికిచ్చి కాటా ఎక్కేది. ముప్పై ఎనిమిదిన్నర. మరో నెలకు ముప్పై తొమ్మిది దాటింది. ఆకుపచ్చకు ఇంకా దూరమే, అయితే ఈసారి ఆ బరువంతా ఆమెదే.

నవంబరు వచ్చింది. ఒక సాయంత్రం అంగట్లో లేత గంగవాయిలికూర కనిపిస్తే దస్రు తెచ్చాడు. రంగి దాన్ని పప్పులో వేసి, జొన్నరొట్టెలు చేసింది. అతని కంచంలో రొట్టె పెడుతూ, బిడ్డ ఆఖరుకు ఏం తిన్నదని అడిగింది. మూడేళ్లుగా ఆమె మనసులో ఉన్న ప్రశ్న కాబోలు, అయినా మామూలుగానే అడిగింది.

ఇదేనని చెప్పాడు దస్రు. ఇదే కూర, ఇదే రొట్టె. చెప్పి, ఇన్నేళ్లుగా గొంతులో ఉన్నదాన్ని కూడా చెప్పాడు. మంచి రొట్టె నాకు పెట్టి అంచు మాడింది తను తిన్నది యాడీ, ఎప్పుడూ అంతే చేసేది, వద్దంటే వినేది కాదు.

రంగి పొయ్యి ముందు చెయ్యి ఆపింది. తర్వాత ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాడు. నవ్వుతోంది.

"మాడిందే కావాలె దానికి," అంది. "చిన్నప్పటిసంది అంతే. మాడ్చలేదని నాతోని కొట్లాడేది. నీకు మంచిది పెట్టిందనుకున్నవా? మాడింది నువ్వు తీసుకుంటవేమోనని ముందే దాసుకుంది."

దస్రు రొట్టె తుంచిన చేత్తో అలాగే కూర్చున్నాడు. రంగి పెనం మీది రొట్టెను కావాలనే ఇంకాసేపు ఉంచింది. అంచు నల్లబడి వాసన వచ్చాక తీసి, రెండు ముక్కలు చేసి, ఒకటి అతని కంచంలో వేసి ఒకటి తను తీసుకుంది. చేదుగా, కరకరమంటూ ఉంది. ఇద్దరూ మిగల్చకుండా తిన్నారు.

దస్రు గిన్నెలు కడిగి వచ్చేసరికి రంగి నిద్రపోయింది. ముఖం మీద టుక్రి లేదు. ఒక చెయ్యి గోడగూటివైపు చాచి ఉంది, అందేంత దూరం కాదు. దస్రు కిటికీ రెక్కలు గాలికి కొట్టుకోకుండా కొక్కేలు పెట్టాడు. హైవే మీద లారీల చప్పుడు ఆమెను లేపకుండా తలుపును కొద్దిగా పైకి ఎత్తి పట్టుకుని, కిర్రుమనకుండా మెల్లగా దగ్గరికి వేశాడు.